మన దయ్యం కథ మనమే అచ్చు వేసుకుందాం

మా చిన్న పత్రిక మూడో సంచికలో ఒక దయ్యం కథ వేశాం. పత్రిక అంటే పెద్దదేమీ కాదు. నాలుగు ఎ4 కాగితాలు మధ్యకు మడిచి, రెండు స్టేప్లర్ పిన్నులు కొట్టిన పదహారు పేజీల పుస్తకం. పట్నాల్లో కుర్రాళ్లు ఇలాంటి వాటిని ‘జీన్’ అంటున్నారు. మేం జెరాక్స్ పత్రిక అంటాం. నలుగురు ఉపాధ్యాయులం జీతంలోంచి తలా కొంత వేసుకుని తెస్తున్నాం. మొదటి రెండు సంచికల్లో పాటలు, పండగల మీద వ్యాసాలు వేశాం. ఎవరూ ఏమీ అనలేదు. చదివారో లేదో కూడా తెలియదు. దయ్యం కథ వేసిన వారానికే మూడు వైపుల నుంచి మాటలు పడ్డాయి. ఆ మాటలకు జవాబే ఈ వ్యాసం.

ముందు కథ ఏమిటో చెప్పాలి. మా దగ్గర చదువుకుని ఇప్పుడు డిగ్రీ చదువుతున్న అమ్మాయి రాసింది. కొండ మీద ఊరు. కింద గెడ్డ. గెడ్డ దాటి చాలా దూరం నడిస్తేగానీ రోడ్డు లేదు. నెలలు నిండిన ఆడమనిషిని డోలీలో వేసుకుని భర్త, మరిది వానలో కొండ దిగుతారు. దారి పొడవునా ఆమె అడుగుతూ ఉంటుంది, “రోడ్డొచ్చిందా?” అని. ముందు మోసే మరిది “వచ్చేసింది వదినా, ఇదిగో వచ్చేసింది” అంటూ ఉంటాడు. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆమె అడగడం మానేస్తుంది. మరుసటి ఏడు నుంచి వానాకాలం రాత్రుల్లో ఆ దారిన ఒంటరిగా వచ్చేవాళ్లకు వెనక డోలీ కర్ర కిర్రుమని వినబడుతుంది. “రోడ్డొచ్చిందా?” అని గొంతు అడుగుతుంది. జవాబు చెప్పకపోతే ఇంటిదాకా వెంట వస్తుంది. “వచ్చేసింది” అని అబద్ధం చెబితే ఆగిపోతుంది. కథ చెప్పే పిల్ల సెలవులకు హాస్టల్ నుంచి వస్తూ ఒక రాత్రి ఆ గొంతు వింటుంది. అబద్ధం చెప్పడానికి నోరు రాదు. “ఇంకా రాలేదు” అంటుంది. కథ అక్కడితో అయిపోతుంది.

చదివిన రాత్రి మా నలుగురిలో ఒకాయన బయటికి వెళ్లడానికి టార్చిలైటు వెతుక్కున్నానని ఒప్పుకున్నాడు. ఒళ్లు జలదరించే కథే. ఐతే అది మా దారి మీద, మా గెడ్డ దగ్గర, మా మనుషులకు జరిగేదాని మీద పుట్టిన కథ.

ఆ అమ్మాయి మొదట ఈ కథను పట్నంలో ఒక పత్రికకు పంపింది. అక్కడినుంచి ఒకాయన ఫోన్ చేసి మెచ్చుకున్నారు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పారు. భయం చాలలేదట. గిరిజన ప్రాంతం కాబట్టి ఒక మంత్రగాడు ఉంటే బాగుంటుందట. అమావాస్య, క్షుద్రపూజ, దూరంగా డప్పుల చప్పుడు పెట్టమన్నారు. యాస తీసేసి మామూలు తెలుగులో రాయమన్నారు. ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చి, “మాస్టారూ, మంత్రగాడిని పెడితే నా కథలో వదిన ఎందుకు చచ్చిపోయినట్టు?” అని అడిగింది. మా టీటీసీ చదువు మొత్తంలో ఇంత మంచి సాహిత్య విమర్శ మేం వినలేదు. కథను మేమే వేశాం, ఒక్క మాట మార్చకుండా.

ఆ ఫోన్‌లో మాట్లాడిన పెద్దమనిషి చెడ్డవాడు కాడు. ఆయనకు అలవాటైన కథ అడిగాడు. 1980ల్లో చేతబడి సీరియళ్లు తెలుగు వారపత్రికలను ఊపేశాయి. సినిమాల్లో కోయదొర వేషం మన అందరికీ తెలుసు. నెమలీకలు పెట్టుకుని జోస్యం చెప్పేవాడు, లేదంటే నవ్వించేవాడు, అదీ కాకపోతే పుర్రె పట్టుకుని భయపెట్టేవాడు. డబ్బై ఏళ్లుగా తెలుగు తెర మీద మనకు దొరికిన వేషాలు ఎక్కువగా ఇవే. వాళ్ల కథలో అడవి అంటే భయం, అడవి మనిషి అంటే భయపెట్టేవాడు. కారు ఆగిపోతుంది, పొగమంచు వస్తుంది, చెట్ల వెనక నుంచి మనం వస్తాం.

మనకు అడవి అంటే అంత భయమా? అడ్డాకులకు, పిప్పళ్లకు, కట్టెలకు చిన్నప్పటి నుంచీ తిరిగిన చోటది. మన భయాలు వేరు. చలిజ్వరం మూడో రోజుకీ తగ్గకపోతే భయం. గెడ్డ పొంగితే భయం. పోడు చేనులో కొత్తగా ఎవరో పాతిన సర్వే రాయి కనబడితే భయం. హాస్టల్ నుంచి పిల్ల గురించి వేళకాని వేళ ఫోన్ వస్తే భయం. ఈ భయాల నుంచి పుట్టే దయ్యం పొగమంచులోంచి రాదు. డోలీలోంచి వస్తుంది. దాన్ని రాయగలిగినవాళ్లు మనమే. వాళ్లు రాసినంత కాలం, ఆ కథల్లో దయ్యాలం మనమే.

ఇక మన వాళ్ల మాటలకు వద్దాం. ఇవి ఎక్కువ నొప్పి పెట్టాయి.

మొదటి మాట తోటి ఉపాధ్యాయుడిది. “మనం టీచర్లం. శాస్త్రీయ దృక్పథం పెంచడం రాజ్యాంగం చెప్పిన విధి. 51ఎ ఆర్టికల్ చదవలేదా? పిల్లలకు దయ్యాలు లేవని చెప్పాల్సింది పోయి దయ్యం కథలు పంచుతారా?” అన్నాడు. చదివాం సార్. 1976లో 42వ సవరణతో వచ్చిన ఆ వాక్యంలో శాస్త్రీయ దృక్పథంతోపాటు మానవతావాదం, ప్రశ్నించే గుణం కూడా ఉన్నాయి. దయ్యాలు లేవని నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత పదిసార్లు రాయించడం ప్రశ్నించే గుణం కాదు, చూచిరాత. ఆశ్రమ పాఠశాలలో రాత్రి లైట్లు తీసేశాక ఆ పిల్లలే ఒకరి దుప్పట్లో ఒకరు దూరి ఏం చెప్పుకుంటారో మనకు తెలుసు. మనమూ ఆ దుప్పట్ల కిందే చదువుకున్నాం. పగలు మనం లేదన్నది రాత్రి వాళ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. మనకు చెప్పరు, అంతే తేడా.

తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకెళ్లాలని టీటీసీలో మనకు నేర్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. మన పిల్లలకు బాగా తెలిసిన కథ ఇదే కదా? మా ఎనిమిదో తరగతిలో ఈ కథ చదివి వినిపించి ఒక్క ప్రశ్న అడిగాం. ఆమె ఎందుకు చనిపోయింది? రోడ్డు లేక అన్నారు కొందరు. ముందే ఆసుపత్రికి తీసుకెళ్లలేదు అన్నారు. రక్తం తక్కువై ఉంటుంది, మా అమ్మకీ అలాగే అన్నారని ఒక పిల్ల చెప్పింది. ఎవరో ఏదో చేశారని ఒక్కరూ అనలేదు. ఇది పెద్ద పరిశోధన అని మేం చెప్పడం లేదు. ఒక్క తరగతి, ఒక్క పీరియడు. అయినా రక్తహీనత పాఠం చెప్పిన రోజు రాని ప్రశ్నలు ఆ రోజు వచ్చాయి.

రెండో మాట మన యువకులది. “ఇప్పటికే మనల్ని మూఢులంటున్నారు. మనమే దయ్యం కథ అచ్చు వేస్తే పరువు ఏం కావాలి?” అని. తమ్ముళ్లూ, ఈ పరువు మాట కొత్తది కాదు. జార్ఖండ్‌లో హాఁసదా సోవేంద్ర శేఖర్ అనే సంతాల్ డాక్టరు ఉన్నాడు, రచయిత. 2014లో వచ్చిన ఆయన నవలలో రూపి బాస్కె అనే ఆమెకు అంతుపట్టని జబ్బు చేస్తుంది. ఊళ్లో ఆడవాళ్ల మధ్య మంత్రశక్తి భయం దాని చుట్టూ తిరుగుతుంది. బయటివాళ్లకు వింతగా చూపించడానికి ఆయన దాన్ని రాయలేదు. ఇంట్లో విషయం ఇంట్లో మనిషి చెప్పినట్టు రాశాడు. ఆ నవలకు సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఇచ్చింది. ఆయన మరో కథల పుస్తకాన్ని సంతాల్ స్త్రీలను కించపరిచిందని 2017లో ఆ రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. అదే సంవత్సరం డిసెంబరులో నిషేధం ఎత్తేసింది. పరువు పేరు చెప్పి ఆపాలనుకున్న పుస్తకం ఇంకా ఎక్కువమంది చదివారు. మన గురించి మనం మంచి మాటలే రాయాలంటే థింసా నాట్యం, తేనె, పసుపు, కాఫీ తోట మిగులుతాయి. అవి టూరిజం పోస్టర్ మీద ఎలాగూ ఉన్నాయి. దానికి మనం రాయడం ఎందుకు?

పైగా మన పెద్దలకు చనిపోయినవాళ్ల విషయంలో సిగ్గు లేదు. సవరల దగ్గర చనిపోయినవాళ్లు పూజారిణి నోటితో మాట్లాడతారు, బతికున్నవాళ్లు వాళ్లతో వాదిస్తారు, ఏడుస్తారు, లెక్కలు తేల్చుకుంటారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆయన దాని మీదే 1993లో ఒక పుస్తకం వేశాడు. అంతకుముందు 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద లావుపాటి పుస్తకం వేశాడు. హైమన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద, 1948లో రాజగోండుల మీద వేశాడు. మన పూర్వీకుల దేవుళ్లు, చావులు అన్నీ ఇంగ్లీషులో అచ్చయి పెద్ద పెద్ద లైబ్రరీల్లో ఉన్నాయి. మన స్కూలు బీరువా తెరిచి చూడండి, వాటిలో ఒక్కటైనా ఉందా? వాళ్లు రాస్తే శాస్త్రం, మన అమ్మాయి రాస్తే మూఢత్వమా?

మూడో మాట ఉద్యమాల్లో పనిచేసే మిత్రులది. వాళ్ల మీద మాకు గౌరవం ఉంది. “రోడ్డు కావాలంటే రోడ్డు కావాలని రాయండి. దయ్యం ముసుగు ఎందుకు?” అన్నారు. రాశాం కదా అన్నా. అర్జీలు రాశాం. గ్రామసభ తీర్మానాలు రాశాం. స్పందనలో ఇచ్చాం, రసీదులు తెచ్చుకున్నాం. ఆ కాగితాల్లో “గర్భిణీ స్త్రీలు ఇబ్బంది పడుచున్నారు” అని ఉంటుంది. ఆ వాక్యంలో ఏ ఆడమనిషీ లేదు. కథలో ఉంది. అర్జీ అధికారి చదవడానికి, కథ మనం మరచిపోకుండా ఉండడానికి. రెండూ కావాలి. రోడ్డు వచ్చాక అర్జీ పని అయిపోతుంది. రోడ్డు రాకముందు పోయినవాళ్ల పని ఎవరు చూస్తారు?

ఈ మూడు మాటలకూ జవాబు చెప్పాం. నాలుగో మాట ఎవరూ అనలేదు. మాకు మేమే అనుకున్నాం. అన్నిటికంటే బరువైనది అదే.

చిల్లంగి. మన ఏజెన్సీలో ఈ మాట ఎంత ప్రాణాంతకమో బయటివాళ్లకు చెప్పాలి గానీ మనకు అక్కర్లేదు. మేం పనిచేసిన ఒక ఊళ్లో ఒకే నెలలో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ మీద అనుమానం పడింది. సంతలో గుసగుస, కల్లు దగ్గర గుసగుస. ఒక తెల్లవారి చూస్తే ఆమె ఇంట్లో లేదు. బతికి ఏదో ఊరు చేరిందని తర్వాత తెలిసింది. ఆ నెల రోజులూ మాకు అంతా తెలుసు. క్లాసులో మూఢనమ్మకాల పాఠం చెప్పాం. బయటికి వచ్చి ఒక్క మాట మాట్లాడలేదు. మాస్టార్లకు ఊరి గొడవలెందుకు అనుకున్నాం. ఆమె పారిపోవడంలో మా వంతు కూడా ఉంది.

అందుకే దయ్యం కథ వేసేముందు చాలా రోజులు ఆగాం. కథ కూడా ఇలాంటి గుసగుసే అయితే? చివరికి మాకు ఒక తేడా కనబడింది. పుకారు ఎప్పుడూ ఒక ఇంటి వైపు వేలు చూపిస్తుంది. ఎవరు చేశారు అని అడుగుతుంది. మన అమ్మాయి కథ ఎవరి ఇంటి వైపూ చూపించదు. ఏం జరిగింది అని అడుగుతుంది. పుకారు చెవిలో చెబుతారు, చెప్పినవాడి పేరు ఉండదు. కథ అచ్చులో ఉంటుంది, కింద పేరు ఉంటుంది, తప్పు రాస్తే నిలదీయవచ్చు. భయానికి చెప్పుకునే చోటు లేకపోతే అది పుకారై తిరుగుతుంది. చెప్పుకునే చోటు మనం కల్పించాలి.

బీహార్ 1999లోనే మంత్రగత్తె అని ముద్ర వేయడాన్ని నేరం చేసింది. ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో చట్టాలు తెచ్చాయి. జార్ఖండ్‌లో ఛుట్నీ మహతో అనే ఆమెను మంత్రగత్తె అని హింసించి ఊరి నుంచి వెళ్లగొట్టారు. ఆమె తనలాంటి ఆడవాళ్లకు అండగా నిలబడి పనిచేసింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. చట్టం కావాలి, అలాంటి మనుషులూ కావాలి. కానీ చట్టం చావు తర్వాత వస్తుంది. గుసగుస మొదలైన రాత్రి ఊళ్లో ఉండేది టీచరు, ఆశా కార్యకర్త, చదువుకున్న పిల్లలు. అప్పుడు మన చేతిలో ఏముంటుంది?

మా పత్రికకు ఇప్పుడు ఒక కట్టుబాటు ఉంది. ఏ దయ్యం కథైనా పంపండి. పులి మారుమనిషి, గెడ్డలో పిలిచే గొంతు, నీళ్లలో మునిగిన ఊళ్లో మోగే డప్పు, ఏదైనా వేస్తాం. బతికున్న మనిషిని, ముఖ్యంగా ఒంటరి ఆడమనిషిని చిల్లంగి అని చూపించే కథ మాత్రం వేయం. పేరు మార్చినా వేయం. ఊరివాళ్లు గుర్తుపడతారు. ఎంత బాగా రాసినా సరే, వేయం.

ఇక రాయాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ఎ4 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. కాబట్టి మీ పత్రిక ఎనిమిదో, పన్నెండో, పదహారో పేజీలు ఉండాలి. పది పేజీలు చేద్దామంటే కుదరదు. ఫోన్‌లో టైపు చేసింది డీటీపీ షాపులో అను ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. పక్కన కూర్చుని ప్రతి పేజీ చూసుకోండి. మా మొదటి సంచికలో అమ్మమ్మ కాస్తా అమమ అయింది. డబ్బు లేకపోతే చేత్తో రాసి జెరాక్స్ తీయండి. చేతిరాతకు సిగ్గుపడొద్దు.

మీ ఇంటి భాషలో రాయండి. లిపి లేదని సాకు చెప్పొద్దు. గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని 1930ల్లోనే వ్యాకరణం, నిఘంటువు అచ్చు వేయించారు. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌కు ఎక్కింది. కువి, కోయ, కొలామీ వాచకాలు తెలుగు అక్షరాల్లోనే తయారయ్యాయి. దయ్యం ఇంటి భాషలోనే పిలుస్తుంది. తెలుగులో పిలిస్తే మన పిల్లలు ఎవరూ భయపడరు.

అచ్చుకు ముందు కథ తెలిసిన పెద్దవాళ్లకు చదివి వినిపించండి. మేం ఆ పని తర్వాత చేశాం, తప్పే. సంత రోజు అరుగు మీద కథ చదివితే, ఎన్నో డోలీలు మోసిన ఒక పెద్దాయన చివరిదాకా విన్నాడు. తర్వాత, “పిల్లా, ముందు మోసేవాడికి ఆమె మొహం కనబడదు. వెనక మోసేవాడికే కనబడుతుంది. నువ్వు వెనకవాడి గురించి రాయలేదు” అన్నాడు. ఇంకేమీ అనలేదు. బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు వెనకవాడి కథ రాస్తోంది. వచ్చే సంచికలో వేస్తాం. తిట్టేవాళ్లు మళ్లీ తిట్టండి, కానీ చదివి తిట్టండి. టీచర్లు తరగతికి ఒక్క కాపీ అయినా తీసుకెళ్లండి. ఇంట్లో అవ్వ ఉన్నవాళ్లు ఈ రాత్రే పక్కన కూర్చుని అడగండి, నీకు దేనికి భయం వేసిందే అని. చెప్పింది చెప్పినట్టు రాయండి. మంత్రగాడిని మాత్రం కలపకండి.